నిమిషంలో తేలిన లెక్క

1977. అమెరికాలోని బ్రౌన్ యూనివర్సిటీలో ఉల్ఫ్ గ్రెనాండర్ ముందు గళ్ల నిండా అంకెలు. ప్లస్సులు, మైనస్సులు. ఏ దీర్ఘచతురస్రం గీస్తే లోపలి అంకెల మొత్తం అన్నిటికన్నా ఎక్కువొస్తుంది? కంప్యూటర్‌కెక్కిన బొమ్మలో ఆకారాన్ని పట్టుకోవడానికి ఆయనకా జవాబు కావాలి. గళ్లు పెరిగేకొద్దీ కంప్యూటర్ చతికిలబడుతోంది. ముందు ఒక్క వరసలో, పక్కపక్కనే ఉన్న ఏ అంకెల ముక్క మొత్తం ఎక్కువో తేలిస్తే దారి దొరుకుతుందేమో అనుకున్నారు.

ఆ ఒక్క వరస లెక్కే నేటి 'మాగ్జిమమ్ సబ్‌అర్రే'. ప్లేస్‌మెంట్ల కాలంలో దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల బోర్డు మీదా, ఎల్బీనగర్ మెట్రోలో నిలబడ్డ కుర్రాళ్ల ఫోన్లలోనూ ఉండేది ఇదే. చైతన్యపురి హాస్టల్ గదుల్లో దీని మీద నడిచే మాటలు ఇలా ఉంటాయి.

"రెండు లూపులు పెట్టిన అన్నా. చిన్న కేసులు పాసైనయ్. లక్ష అంకెలిస్తే టైమ్ లిమిట్ ఎక్సీడెడ్."

"కాదా మరి! మొదలు, చివర జతలే 500 కోట్ల దాకా అయితయ్. ఇది రాయి: 3, -5, 4, -1, 6, -8, 2. ఎడమ నుంచి కూడుకుంట రా."

"3... మైనస్ 2."

"ఆ అప్పు మోసుకుంట 4 కాడికి పోతవా?"

"ఎందుకు? ఆడనే వదిలేస్త. 4, 3, 9... తర్వాత 1, 3. పెద్దది 9!"

"అన్నీ మైనస్‌లే ఇస్తే?"

కుర్రాడు నీళ్లు నములుతాడు. ఖాళీ ముక్కను ఒప్పుకుంటే జవాబు సున్నా, లేదంటే ఉన్నవాటిలో పెద్ద అంకె. ప్రశ్న సరిగ్గా చదవనివాళ్లు పడేది ఇక్కడే.

అప్పట్లో గ్రెనాండర్ కూడా ఈ రెండు లూపుల వేగం దగ్గరే ఆగారు. సంగతి విన్న కంప్యూటర్ శాస్త్రవేత్త మైకేల్ షామోస్ ఒక్క రాత్రి కూర్చుని, వరసను సగానికి సగం విరుచుకుంటూ పోయే పద్ధతి కనిపెట్టారు. లక్ష అంకెలకు సుమారు 17 లక్షల అడుగులు. ఇంతకన్నా తగ్గదేమోనని ఆయనా, సహచరుడు జాన్ బెంట్లీ కూడా అనుకున్నారు. కొన్ని రోజులకు పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ సెమినార్‌లో షామోస్ ఈ కథంతా చెప్పారు. వింటున్నవాళ్లలో జే కడేన్ ఒకరు. స్టాటిస్టిక్స్ మనిషి. నిమిషం తిరక్కుండా, ఒక్కసారి చదువుకుంటూ పోతే చాలునని తేల్చేశారు. లక్ష అంకెలకు లక్ష అడుగులే. 1984లో బెంట్లీ తన 'ప్రోగ్రామింగ్ పెర్ల్స్' శీర్షికలో రాయడంతో ఇది లోకానికి తెలిసింది.

పేరు కడేన్‌కే దక్కింది. నా ఓటు మాత్రం షామోస్ రాత్రికే. చిక్కుముడిని అంతదాకా విప్పి నలుగురి ముందు పరిచింది ఆయనే కదా.

ఇంతా చేసి, గ్రెనాండర్ బొమ్మల పని ముందుకు సాగలేదు. గళ్ల పలక మీద ఈ ఉపాయం నడవాలంటే పై అంచూ కింది అంచూ ఒక్కో జతగా ఎంచుకుని, ప్రతిసారీ మళ్లీ మొదటినుంచి కూడుకు రావాలి. వెయ్యి అడ్డం, వెయ్యి నిలువు గళ్లకు 50 కోట్ల అడుగులు. ఆనాటి యంత్రాలకు అది మోయలేని బరువు. ఆయన ఆ పద్ధతినే పక్కన పెట్టేశారు.