యెకిని నడిచిన దారి

1994 జూన్ 21న డాలస్‌లోని కాటన్ బౌల్ మైదానంలో బల్గేరియా మీద రషీది యెకిని కొట్టిన గోల్, ప్రపంచకప్ చరిత్రలో నైజీరియాకు మొట్టమొదటిది. ఫినిడి జార్జ్ కుడివైపు నుంచి పంపిన బంతిని గోల్‌లోకి నెట్టి, దాని వెనకే తానూ వెళ్లి, వలలోకి రెండు చేతులూ దూర్చి ఏడుస్తూ కేకలు పెట్టిన ఆ మనిషి బొమ్మ ప్రపంచమంతా తిరిగింది. ఇప్పటికీ యెకిని అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఆ ఒక్క క్షణమే. మిగతా జీవితం చూడబోతే ఓ పొడవాటి చిట్టాలా కనిపిస్తుంది: ఎనిమిది దేశాలు, పన్నెండు క్లబ్బులు, దాదాపు పాతికేళ్ల ఆట. ఆ చిట్టా చూసి అతన్ని నిలకడ లేనివాడని, పెద్ద క్లబ్బుల్లో ఇమడలేకపోయాడని తేల్చేసేవాళ్లున్నారు. ఆ తీర్పు తప్పని నా వాదన. ఆ దారి యెకిని స్వభావం వల్ల ఏర్పడింది కాదు. పశ్చిమాఫ్రికాలో ఆనాడు ఫుట్‌బాల్ మీద డబ్బు ఎవరు పెట్టారు, యూరప్ తలుపులు నల్లజాతి ఆటగాడికి ఎంత మేర తెరుచుకున్నాయి అన్న రెండు విషయాలే దాన్ని చాలావరకు నిర్ణయించాయి.

మొదట అతను ఆడిన నైజీరియా క్లబ్బులను చూద్దాం, ఎందుకంటే సాక్ష్యమంతా అక్కడే ఉంది. యెకిని 1963 అక్టోబర్ 23న ఉత్తరాదిన కడూనాలో పుట్టాడు. కుటుంబానిది క్వారా రాష్ట్రంలోని ఇరా అనే యొరుబా ఊరు. కడూనా ఆ రోజుల్లో బట్టల మిల్లుల పట్నం. యెకిని మొదటి క్లబ్బు యు.ఎన్.టి.ఎల్. ఆ పట్నంలోని యునైటెడ్ నైజీరియన్ టెక్స్‌టైల్స్ మిల్లు జట్టే. అక్కడి నుంచి 1982లో ఇబాదాన్ వెళ్లి షూటింగ్ స్టార్స్‌లో చేరాడు. అది ప్రభుత్వ అండతో నడిచిన క్లబ్బు. 1976లో ఐ.ఐ.సి.సి. అనే పేరుతో ఆడుతూ ఆఫ్రికా కప్ విన్నర్స్ కప్ గెలిచి, ఖండ స్థాయి ట్రోఫీని నైజీరియాకు తెచ్చిన మొదటి క్లబ్బుగా పేరు పొందింది. యెకిని ఉండగా 1984లో ఆఫ్రికా చాంపియన్ క్లబ్బుల ఫైనల్ దాకా వెళ్లి కైరో జట్టు జమాలెక్ చేతిలో ఓడింది. ఆ తర్వాత అతను చేరింది అబెవోకుటాలోని అబియోలా బేబ్స్. కోటీశ్వరుడు ఎం.కె.ఓ. అబియోలా సొంత డబ్బుతో నడిపిన జట్టు అది. అంటే ఒక మిల్లు, ఒక ప్రభుత్వం, ఒక ధనికుడు. ఈ ముగ్గురిలో ఎవరికీ ఫుట్‌బాలే జీవనాధారం కాదు. మిల్లు లాభాలు తగ్గినా, గద్దె మీద మనిషి మారినా, ధనికుడి మనసు మరో పని మీదికి మళ్లినా జట్టు చితికిపోవాల్సిందే. అలాంటి పునాది మీద నిలబడ్డ ఆటగాడిని ఒక్కచోట ఎందుకు ఉండలేదని అడగడంలో న్యాయం లేదు.

1987లో అతను దేశం దాటి ఐవరీ కోస్ట్ వెళ్లి అబిజాన్ క్లబ్బు ఆఫ్రికా స్పోర్ట్స్‌లో చేరాడు. ఆ ఏడాదికి ఒక అర్థముంది. 1986లో బబంగిడా సైనిక ప్రభుత్వం ఆర్థిక సర్దుబాటు కార్యక్రమం పేరిట నైరాను మార్కెట్‌కు వదిలింది. 1985లో ఒక నైరాకు డాలరు కంటే ఎక్కువే వచ్చేది. 1987 నాటికి డాలరు కావాలంటే నాలుగు నైరాలు పెట్టాల్సి వచ్చింది. పక్కనే ఉన్న ఐవరీ కోస్ట్‌లో చెలామణి అయ్యే సి.ఎఫ్.ఎ. ఫ్రాంకు అప్పటికి ఫ్రెంచ్ ఫ్రాంకుతో స్థిరమైన మారకంలో ఉండేది. 1994 జనవరి దాకా ఆ రేటు కదల్లేదు. అలాంటప్పుడు ఇబాదాన్‌లోనో అబెవోకుటాలోనో జీతం తీసుకునే ఆటగాడికి అబిజాన్ జీతం ఎంత బరువుగా కనిపించి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. డబ్బొక్కటే కారణమని నేననను. నైజీరియా ఫెడరేషన్‌తో తగవు పడి సస్పెండైన ఆటగాడు స్టీఫెన్ కెషీ 1985లో అదే అబిజాన్ చేరాడు. అక్కడ రెండు క్లబ్బులకు ఆడి, బెల్జియంలోని లోకెరెన్‌కు, ఆ మీదట ఆండర్లెక్ట్‌కు వెళ్లాడు. అలా అబిజాన్ నైజీరియన్లకు యూరప్ వాకిలైంది. యెకిని ఆ వాకిట మూడేళ్లున్నాడు.

1990లో పోర్చుగల్ క్లబ్బు విటోరియా సెతూబల్ పిలిచేటప్పటికి అతనికి ఇరవయ్యారు నిండి ఇరవై ఏడు నడుస్తోంది. స్ట్రైకర్ కాళ్లలో చురుకుదనం తారస్థాయిలో ఉండే ఏళ్లలో సగం అప్పటికే గడిచాయి. యూరప్ రికార్డు పుస్తకాల్లో మాత్రం యెకిని అప్పుడే పుట్టాడు. పైగా సెతూబల్ లిస్బన్ దక్షిణాన ఉన్న చేపల రేవు, బెన్‌ఫికాలా, పోర్టోలా డబ్బున్న క్లబ్బు కాదు. అతను చేరిన మొదటి సీజన్ చివర్లో జట్టు రెండో డివిజన్‌కు పడిపోయింది. నిలకడ లేని మనిషైతే అప్పుడే వెళ్లిపోయి ఉండాలి. యెకిని ఉన్నాడు. రెండు సీజన్లు కింది డివిజన్‌లోనే ఆడాడు. 1992-93లో 34 గోల్స్ కొట్టి క్లబ్బును పైకి తెచ్చాడు. అదే 1993లో ఆఫ్రికా ఉత్తమ ఫుట్‌బాలర్ అవార్డు అందుకున్నాడు. ఆ గౌరవం పొందిన మొదటి నైజీరియన్ అతనే. ఆ ఏడాది సగభాగం అతను ఆడింది పోర్చుగల్ రెండో డివిజన్‌లో! రెండో డివిజన్ డిఫెండర్ల మీద గోల్స్ కొట్టడం గొప్పా అని అడిగేవాళ్లకు జవాబు 1993-94 సీజన్. అప్పుడే పైకి వచ్చిన జట్టుకు ఆడుతూ, పోర్చుగల్ మొదటి డివిజన్‌లో 21 గోల్స్‌తో టాప్ స్కోరర్ అయ్యాడు. దేశంలోని మంచి ఫార్వర్డ్‌లందరినీ కొనగలిగిన లిస్బన్, పోర్టో క్లబ్బుల వాళ్లు అతని వెనకే ఉండిపోయారు. అదే ఏడాది ట్యునీసియాలో జరిగిన ఆఫ్రికా నేషన్స్ కప్‌ను నైజీరియా గెలిచింది. అయిదు గోల్స్‌తో అందులోనూ టాప్ స్కోరర్ యెకినియే. 1984, 1988, 1990 ఫైనల్స్‌లో ఓడిన నైజీరియాకు ఆ కప్పు ఎన్నాళ్ల ఆకలి తీర్చిందో చెప్పనక్కర్లేదు. ఆ మూడు టోర్నీలలోనూ యెకిని ఉన్నాడు.

నా వాదనకు గట్టి అభ్యంతరం దీని తర్వాత వస్తుంది. ప్రపంచకప్ అయ్యాక గ్రీసులోని ఒలింపియాకోస్ వంటి పెద్ద క్లబ్బు అతన్ని తీసుకుంది. అక్కడ ఆడింది కొన్ని మ్యాచులే. తోటి ఆటగాళ్లతో పొసగలేదని చెప్పుకున్నారు. తర్వాత స్పెయిన్‌లో స్పోర్టింగ్ గిహోన్‌లోనూ నిలదొక్కుకోలేదు. మరి ఇది అతని లోపం కాదా? కొంతవరకు అవునేమో. కానీ ముప్పై దాటాక, జట్టంతా తన కోసమే బంతి అందించే చిన్న క్లబ్బు నుంచి కొత్త దేశానికీ కొత్త భాషకూ వెళ్లిన ఆటగాడికి తడబడే వ్యవధి ఎవరిస్తారు? ఇరవై రెండేళ్లవాడికైతే రెండో సీజన్ దొరుకుతుంది. ఇంకో అభ్యంతరం డేనియల్ అమోకాచి. అదే కడూనా, అక్కడి రాంచర్స్ బీస్ జట్టు నుంచి 1990లో పద్దెనిమిదేళ్లు నిండకముందే బెల్జియంలోని క్లబ్ బ్రూజ్‌కు వెళ్లాడు. అతనికి దొరికిన దారి యెకినికి ఎందుకు దొరకలేదు? ఇద్దరి మధ్య తొమ్మిదేళ్ల తేడా ఉండడమే కారణం. యెకినికి పద్దెనిమిదేళ్లున్నది 1981-82లో. అప్పటికి కెషీ ఇంకా బెల్జియం చేరలేదు. నైజీరియా కుర్రవాళ్ల కోసం వెతికే యూరప్ క్లబ్బులు అరుదు. విదేశీయుల సంఖ్య మీద చాలా లీగులు గట్టి పరిమితి పెట్టుకున్నాయి. 1995 డిసెంబరులో వచ్చిన బోస్మన్ తీర్పు యూరోపియన్ యూనియన్ ఆటగాళ్లను ఆ పరిమితి నుంచి తప్పించడంతో బయటి ఖండాలవాళ్లకూ ఖాళీలు ఏర్పడ్డాయి. యెకినికి అప్పటికి ముప్పై రెండేళ్లు. 1976లో పుట్టిన న్వాంక్వో కానుకైతే 1993లో అండర్-17 ప్రపంచకప్ గెలవగానే అయాక్స్ పిలుపు వచ్చింది. పద్దెనిమిదేళ్లకే యూరప్ చాంపియన్ పతకం మెడలో పడింది. వీళ్ల మధ్య తేడాను ప్రతిభతో మాత్రమే కొలిచేవాళ్లు పుట్టిన సంవత్సరాలు పక్కన పెట్టుకుని చూడాలి.

తర్వాతి ఏళ్లలో సెతూబల్‌కు కొన్నాళ్లు తిరిగివచ్చి, జ్యూరిక్ వెళ్లి, అక్కడ మళ్లీ గోల్స్ కొట్టి, ముప్పై నాలుగేళ్ల వయసులో 1998 ప్రపంచకప్ జట్టులో చోటు సంపాదించాడు. ట్యునీసియాలో బిజెర్తా, సౌదీలో అల్ షబాబ్, మళ్లీ అబిజాన్. ముప్పై తొమ్మిదేళ్లప్పుడు స్వదేశంలో జూలియస్ బెర్గర్‌కు ఆడాడు. నిర్మాణ కంపెనీ జట్టు అది. టీనేజీలోనే విదేశాలకు ఎగిరిపోయిన యాకుబు అయెగ్బెని బయల్దేరిందీ ఆ క్లబ్బు నుంచే. 2005లో నలభై ఒకటో ఏట గేట్‌వే జట్టు చొక్కా తొడుక్కున్నాడు. ఆ తర్వాత ఇబాదాన్‌లో ఒంటరిగా బతికాడనీ, మనసు బాగా లేదనీ పత్రికలు రాశాయి. 2012 మే 4న, నలభై ఎనిమిదేళ్లకు చనిపోయాడు. ఆ చివరి ఏళ్ల బాధను అతని ఊళ్లు మారిన జీవితానికి ముడిపెట్టి కథ అల్లడం నాకు నచ్చదు. జబ్బు జబ్బే, దాన్ని తిరుగుళ్లకు దండనగా చదవకూడదు.

నైజీరియా తరఫున అతను కొట్టిన 37 గోల్స్ దశాబ్దాల పాటు దేశ రికార్డు. నేషన్స్ కప్‌లలో 13. ఈ లెక్కలు అందరికీ దొరుకుతాయి. కడూనా, ఇబాదాన్, అబెవోకుటా, అబిజాన్ మైదానాల్లో పద్దెనిమిదో ఏటి నుంచి ఇరవయ్యారో ఏటి దాకా కొట్టిన గోల్స్‌ను మాత్రం యూరప్ పుస్తకాలు పెద్దగా పట్టించుకోలేదు. అవి కలపకుండా యెకినిని కొలిస్తే అతని ఆటలో సగం పోతుంది. ఆ సగాన్ని చూసింది అక్కడి స్టేడియాల్లో టికెట్టు కొన్న జనం. తర్వాతి తరం నైజీరియా స్ట్రైకర్ విక్టర్ ఒసిమెన్ అయితే 2017లో లేగోస్ అకాడమీ నుంచి తిన్నగా జర్మనీలోని వోల్ఫ్స్‌బుర్గ్‌కు వెళ్లాడు, నైజీరియా లీగులో ఒక్క మ్యాచైనా ఆడకుండా. యెకిని మొదటి జట్టును పోషించిన కడూనా మిల్లు అంతకు పదేళ్ల ముందే, 2007లో, మూతపడింది.