తీరిక వేళల పని

1971 మార్చి. నరసాపురం తాలూకాలో ఓ పల్లె. జనాభా లెక్కల మేస్టారు చంకలో కాగితాల కట్టతో, కండువాతో మెడ తుడుచుకుంటూ ఓ పెంకుటింటి అరుగెక్కారు. ఇంటాయన చాప వాల్చి, లోపలికి కేకేసి మజ్జిగ తెప్పించాడు. గ్లాసు పట్టుకొచ్చింది చిన్నపిల్ల. ఇల్లాలు తలుపు చాటు దాటి రాలేదు. ఆ ఇళ్లలో ఘోషా. మేస్టారికి కనబడినవి ఆవిడ చేతులు మాత్రమే. ఎడమచేతి చూపుడువేలికి చుట్టిన తెల్లదారం, కుడిచేతిలో కొక్కెం ఉన్న సన్నటి సూది. మాటలు జరుగుతున్నంతసేపూ ఆ సూది ఆగలేదు.

"మీ ఇంటావిడ ఏం పని చేస్తారండీ?"

"ఆడమనిషికి పనేటండీ మేస్టారూ? ఇంటికాడే ఉంటది."

"మరి ఆ చేతిలోది?"

"అదా? లేసండి. తీరికున్నప్పుడు అల్లుకుంటది. ఊరికే కూకోలేక."

మేస్టారు కలం పట్టుకుని ఓ క్షణం ఆలోచించారు. పదేళ్ల క్రితం 1961 లెక్కలప్పుడైతే రోజుకో గంట క్రమం తప్పకుండా పనిచేసినా పనివాళ్ల కింద రాసుకోమన్నారు. ఈసారి పద్ధతి మారింది. మనిషి ప్రధానంగా చేసేదేమిటో అడగాలి, అదే రాయాలి. వంటా వార్పూ చూసుకుంటూ మధ్యలో ఇంకేదో చేసే ఆడమనిషిని పనివారి లెక్కలో కలపకూడదు. శిక్షణలో అలాగే చెప్పారు. ఆయన 'గృహకృత్యాలు' అని రాసి, మజ్జిగ తాగి, పక్కింటికి వెళ్లారు.

ఈ సంభాషణ ఏ రికార్డులోనూ లేదు. అరుగూ మజ్జిగా నా ఊహ. ఫలితం మాత్రం అచ్చయి ఉంది. 1961లో దేశం మొత్తమ్మీద దాదాపు 6 కోట్లున్న మహిళా శ్రామికులు 1971 నాటికి 3 కోట్ల పైచిలుకుకు పడిపోయారు. అంతమంది పదేళ్లలో పనులు మానుకుని కూర్చున్నారా? అడిగే ప్రశ్న మారింది, అంతే.

నరసాపురానికి నూలుతో అనుబంధం ఇవాళ్టిది కాదు. పక్కనున్న మాధవాయపాలెం పేరే ఇంగ్లీషువాళ్ల నోట్లో 'మడపోలం' అయింది. అక్కణ్ణించి ఓడలెక్కిన నూలుగుడ్డకు అదే పేరై, నిఘంటువుల్లోకి కూడా ఎక్కింది. లేసు వచ్చింది పందొమ్మిదో శతాబ్దం నడుమ. 1844 ప్రాంతంలో మెక్రే అనే స్కాట్లాండు మిషనరీ దంపతులు ఇక్కడి ఆడవాళ్లకు ఈ అల్లిక నేర్పారని చెబుతారు. మొదట్లో అది బీద క్రైస్తవ కుటుంబాల పని. తర్వాత కాపుల ఇళ్లలోకి వచ్చింది. పొలానికి వెళ్లడం పరువు తక్కువ అనుకునే ఇంటికి గడప దాటక్కర్లేని పని ఎంత కలిసొస్తుందో చెప్పనక్కర్లేదు. దారం ఇంటికొస్తుంది. అల్లిక ఇంటి నుంచే పోతుంది. పెరట్లో ఉన్నంతసేపూ ఇల్లాలు ఇల్లాలే.

ఎనభైలలో మన ఇళ్లలో టీవీ మీద, రేడియో మీద, కుర్చీ వీపు మీద పరిచిన తెల్లటి పువ్వుల గుడ్డ గుర్తుందా? అదే. కాకపోతే మనకు చేరింది కొసరు. అసలు సరుకంతా ఓడెక్కి పరాయి దేశాలకు పోయేది.

ఆ పని ఎలా సాగేదో కాస్త దగ్గరగా చూడాలి. ఒకావిడ పువ్వులు అల్లుతుంది. అది చేతిపని. ఆ పువ్వుల్ని ఒకదానికొకటి కలిపేది మరొకావిడ. అది అతుకుపని. అంచులకు కాజాకుట్టు ఇంకొకావిడది. పువ్వు అల్లినావిడ దుప్పటి చూడదు. దుప్పటి అతికినావిడ దాని ధర వినదు. దారం తూచి ఇచ్చి, పువ్వులు లెక్కపెట్టి తీసుకునేది ఏజెంటు. అతనికి అటువైపు షావుకారు, షావుకారుకి అటువైపు ఎగుమతిదారు. అల్లేవాళ్లంతా ఆడవాళ్లు, అమ్మేవాళ్లంతా మగవాళ్లు. హరిత విప్లవంతో చేతిలో నాలుగు డబ్బులాడిన రైతు కుటుంబాలవాళ్లు కొందరు డెబ్బైలలో ఈ ఎగుమతుల్లోకే దిగారు.

అలాంటి రోజుల్లో, 1970ల చివర, ఓ జర్మన్ మహిళ నరసాపురంలో దిగింది. మరియా మీస్. సామాజిక శాస్త్రవేత్త. అరవైలలో పుణెలో జర్మన్ పాఠాలు చెప్పిన మనిషి కాబట్టి మన దేశం ఆమెకు కొత్త కాదు. తెలుగు రాదు గనక తెలుగమ్మాయిల్ని వెంటబెట్టుకుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ కోసం చేస్తున్న అధ్యయనం. అడగాల్సింది ఒకే మాట: ఈ లేసు ఎవరికి ఎంత ఇస్తోంది?

వినడానికి సులువే. అడగడం మొదలెట్టాకే తిప్పలు. ఓ అరుగు మీద నలుగురాడవాళ్లు అల్లుతూ కూర్చున్నారనుకోండి.

"రోజుకి ఎన్ని గంటలు అల్లుతారమ్మా?"

"గంటలా? మాకేం తెల్సండీ. పొద్దున్నే పనులయ్యాక మొదలెడతాం. మధ్యలో ఎసరు పెడతాం, పిల్లాణ్ణి ఎత్తుకుంటాం. మళ్లీ దీపాలు పెట్టేదాకా."

"దీపాలు పెట్టాక?"

"అప్పుడూ అల్లుతామండి. దీపం కాడ."

"మరి తీరికెప్పుడు?"

నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. "ఇదేనండీ తీరికంటే!"

ఈ మాటలూ నా కూర్పే. ఆమె కట్టిన లెక్క మాత్రం 1982లో పుస్తకంగా వచ్చింది. పేరు 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నరసాపూర్'. అందులో తేలింది ఇది: ఇంటిచాకిరీ కాక, రోజుకు 6 నుంచి 8 గంటలు లేసు పనే. ఆ పనికి వచ్చేది రోజుకు 60 పైసలు కూడా కాదు. వ్యవసాయ కూలీ ఆడవాళ్లకు సర్కారు కట్టిన కనీస కూలిలో మూడో వంతుకైనా రాదు. రోజూ 60 పైసలే అనుకున్నా, నెలంతా ఒక్క పూట మానకుండా అల్లితే 18 రూపాయలు. చేసేవాళ్లు ఆ ప్రాంతంలో లక్షమందికి పైనే ఉంటారని అంచనా. జనాభా లెక్కల్లో వీళ్ల జాడ లేదు. ఎండలో నాట్లేసే మాలమాదిగ ఆడవాళ్ల చేతికి వీళ్లకంటే ఎక్కువ కూలి వచ్చేది. అయినా అరుగు మీదున్నావిడకి ఆ మాట చెబితే 'మేం కూలోళ్లం కాదండీ' అనేది.

ఈ వ్యవహారానికి మీస్ పెట్టిన పేరుని తెలుగులో 'గృహిణీకరణ' అనుకోవచ్చు. పనిచేసే మనిషిని ముందు గృహిణి అనేస్తే, ఆమె చేసేది పని కాకుండా పోతుంది. పని కానిదానికి కూలి అడగడం ఎలా? నన్నడిగితే ఈ కథంతటికీ మూలం 'తీరిక' అనే ఒక్క మాట. షావుకారుకి ఆ మాట కోట్లు పెట్టుబడి పెట్టినట్టే పనిచేసింది. షెడ్డు కట్టక్కర్లేదు, కరెంటు బిల్లు లేదు, బోనసు లేదు. ప్రభుత్వానికీ లెక్కించే శ్రమ తప్పింది. కార్మికులుగా నమోదు కాని మనుషులకు ఏ బ్యాంకు, ఏ పద్దు కింద అప్పిస్తుంది?

అప్పు దొరికే రోజు ఆలస్యంగానైనా వచ్చింది. డ్వాక్రా గ్రూపులొచ్చాయి. 1992లో నాబార్డు స్వయం సహాయక బృందాల్ని బ్యాంకులతో ముడిపెట్టడం మొదలెట్టింది. 2004 తర్వాత పావలా వడ్డీ. నరసాపురం దగ్గర సీతారాంపురంలో లేసు పార్కు లేచింది. లేసు అల్లేవాళ్ల సంఘాలన్నీ 'అలంకృతి' పేరుతో సమాఖ్యగా కూడాయి. ఏజెంటు చేతిని తప్పించి కొనుగోలుదారుతో నేరుగా బేరమాడాలన్నది ఉద్దేశం. మంచి ఉద్దేశం. అన్నేళ్లు తలుపు చాటునున్న మనిషి బ్యాంకు మేనేజరు ఎదుట కుర్చీలో కూర్చోవడం చిన్న సంగతి కాదు. దాన్ని తేలిగ్గా తీసేసేవాళ్లు ఆ తలుపు చాటున ఒక్కరోజు నిలబడి చూడాలి.

అయితే ఈ కొత్త పద్ధతికీ ఓ కొలబద్ద ఉంది. గ్రూపు మంచిదో కాదో తేల్చేవి పంచసూత్రాలు. సమావేశాలు క్రమంగా జరపాలి, పొదుపు క్రమంగా కట్టాలి, లోపల్లోపల అప్పులిచ్చుకోవాలి, తీసుకున్నది వేళకు తీర్చాలి, పుస్తకాలు సరిగ్గా రాయాలి. ఏ ఊళ్లో అడిగినా వేళ్లు ముడుస్తూ ఒప్పజెబుతారు. ఈ అయిదు వేళ్లలో ఒక్కటీ లేసు సూది పట్టుకున్న వేలు కాదు. గంటకెంత గిట్టింది, పోయినేటికంటే పెరిగిందా తగ్గిందా అని అడిగే సూత్రం అందులో లేదు. అప్పు తీర్చిందంటే బాగుపడినట్టే అని బ్యాంకు రాసుకుంటుంది. రాత్రి రెండు గంటలు ఎక్కువ అల్లి తీర్చిందా, మంచి ధర వచ్చి తీర్చిందా అన్నది వాయిదా పుస్తకంలో ఒకేలా కనబడుతుంది.

వసూళ్లనే విజయంగా చూపించిన సూక్ష్మ రుణ కంపెనీల సంగతి 2010లో మన రాష్ట్రమంతా చూసింది. ఆ వసూళ్లకు కళ్లెం వేయడానికి ఆ ఏడాది అక్టోబరులో ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. అంతకుమించి ఇక్కడ వద్దు. అది వేరే గాథ.

లోకం మాత్రం కొలతల విషయంలో చాలా దూరం వచ్చింది. ఇంటి దగ్గర పనిచేసేవాళ్లూ కార్మికులేనని 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ 177వ నంబరు ఒప్పందం చేసింది. మన దేశం దాన్ని ఇంకా ఆమోదించలేదు. ఎవరు ఏ పనికి ఎంతసేపు వెచ్చిస్తున్నారో తెలుసుకోవడానికి 1998-99లో 6 రాష్ట్రాల్లో ప్రయోగాత్మకంగా సర్వే చేశారు. ఆంధ్రప్రదేశ్ ఆ ఆరింటిలో లేదు. దేశమంతటా అలాంటి సర్వే జరిగింది 2019లో. ఇప్పుడు సామాజిక స్టాక్ ఎక్స్ఛేంజి కూడా వచ్చింది. లాభాపేక్ష లేని సంస్థ అక్కడ పత్రాలు జారీ చేసి డబ్బు సేకరించవచ్చు. డబ్బు పెట్టినవాళ్లకు వడ్డీ రాదు, అసలూ తిరిగి రాదు. బదులుగా చేసిన మేలెంతో ఆ సంస్థ ఏటా నివేదిక ఇవ్వాలి, దాన్ని సోషల్ ఇంపాక్ట్ అసెసర్లు తనిఖీ చేయాలి. దానధర్మాలకు బ్యాలెన్సు షీటు అన్నమాట. రేపు ఏ లేసు సంఘమో అందులోకి వెళ్తే ఆ నివేదికలో ఏం రాస్తారు? శిక్షణ పొందినవారు ఇంతమంది, అమ్మకం ఇంత అని రాయడం తేలిక. గంటకు ఎంత అన్న గడి ఉంటుందా?

2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. చైనా యంత్రాల మీద వచ్చే చౌక లేసు 'నరసాపురం' పేరు పెట్టుకోవడానికి ఇక వీల్లేదు. పేరుకు కాపలా దొరికింది. కూలి సంగతి ఆ పత్రంలో ఉండదు. అది దాని పనీ కాదు.

ఇప్పటికీ వశిష్ఠ గోదావరి మీద సఖినేటిపల్లి పంటు దిగి నరసాపురం వైపు నడిస్తే, మధ్యాహ్నం పూట అరుగుల మీద తెల్లదారం ఉండలు కనబడతాయి. అల్లేవాళ్లలో పడుచులు తక్కువ. ఓ పెద్దావిడ దగ్గర ఆగాను. కళ్లద్దాలు ముక్కు చివర నిలిచి ఉన్నాయి. గొలుసు మీద గొలుసు వేస్తోంది, పెదాలు కదులుతున్నాయి, మధ్యలో పలకరిస్తే లెక్క తప్పుతుందని ఆగాను. వరస పూర్తయ్యాక తలెత్తింది. ఒళ్లో అరచేతంత పువ్వు.

"ఈ పువ్వుకి ఎంతసేపు పట్టిందండీ?"

ఆవిడ దాన్ని ఎత్తి, వెలుతురుకి అడ్డంగా పట్టి, రేకులు లెక్కపెట్టుకుంది.

"రెండు సీరియళ్లు బాబూ," అంది. "మధ్యలో కూర దింపేను. అది తీసేయాలేమో."