అర్జునుడును ద్రోణుడును ఆయనయే

క్రీడాకారులకిచ్చు పురస్కారమునకు అర్జునుని పేరును, వారిని తీర్చిదిద్దిన గురువులకిచ్చు పురస్కారమునకు ద్రోణాచార్యుని పేరును మన ప్రభుత్వము పెట్టినది. మొదటిదానిని 1970లో ఫుట్‌బాల్ ఆటగాడుగను, రెండవదానిని ఇరువది సంవత్సరముల పిమ్మట 1990లో శిక్షకుడుగను అందుకొనిన సయ్యద్ నయీముద్దీన్ 1944లో హైదరాబాదు నగరమున జన్మించినవాడు. క్రికెట్ వీరుల జన్మదినములను సైతము కంఠస్థము చేసిన మన పిల్లలకు ఈ పేరు తెలియకపోవుట వారి దోషము కాదు. చెప్పవలసిన పెద్దలము చెప్పలేదు.

ఆయన చరిత్రమును గ్రహింపవలెనన్న ఆనాటి హైదరాబాదు ఫుట్‌బాల్‌ను ముందుగా స్మరింపవలెను. నగర పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదు పర్యాయములు బొంబాయి రోవర్స్ కప్పును గెలుచుకొనెను. ఆ జట్టును నడిపినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తిచే పాఠశాల ఉపాధ్యాయుడు. 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణపతకములను, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానమును దేశమునకు సంపాదించి పెట్టిన ఈ మహాశయుడు బాలురకై నెలకొల్పిన పోటీలు విచిత్రములు. ఒకదానిలో కుడికాలి వాటము గలవాడు ఎడమకాలితోనే తన్నవలెను. మొదటి దినమున వాని పాదము బంతిని తప్పి నేలను తాకును, తోటివారు నవ్వుదురు, వాడు సిగ్గుపడును. అయినను కొన్ని వారములు గడచునప్పటికి ఏ కాలి ముందునకు బంతి వచ్చినను జంకు లేక తన్నగల ధైర్యము వానికి అలవడును. మరొక పోటీలో డ్రిబ్లింగ్, అనగా బంతిని కాలితో తానే నడిపించుకొని పోవుట, నిషిద్ధము: వచ్చిన బంతిని వచ్చినట్లే తోటివానికి అందించి, ఖాళీయున్న చోటునకు పరుగెత్తవలెను. వ్యక్తి చాతుర్యముకంటె జట్టు ప్రయోజనము మిన్న యను సత్యమును ఉపన్యాసము లేకయే కాళ్లకు నేర్పిన పాఠమిది. 1963లో రహీం క్యాన్సర్ వ్యాధిచే కన్నుమూసెను.

నయీముద్దీన్ ఆటగాడుగా కన్ను తెరచినది రహీం తీర్చిన ఆ పోలీసు జట్టులోనే. అయితే అభిమాన జనసందోహమును, ఆటగాండ్రను పోషింపగల పెద్ద క్లబ్బులును కలకత్తాలో ఉండెను గనుక, తరతరముల హైదరాబాదు ఆటగాండ్రవలె ఆయనయు అచటికే పయనమయ్యెను. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ అను మూడు ఉద్దండ క్లబ్బులకును ఆయన ఆడెను. ఒక క్లబ్బు అభిమాని మరొక క్లబ్బు గెలిచిన దినమున అన్నము ముట్టని ఆ నగరమున, ఇట్లు మూడు వాకిళ్లను తొక్కినవాడు మూడింటను గౌరవము నిలుపుకొనుట సామాన్యము కాదు. రక్షణ పంక్తిలో నిలిచి ప్రత్యర్థి దాడిని అడ్డుకొనువానికి గోలు కొట్టినవానికి దక్కు కరతాళధ్వనులు దక్కవు; ఆయన స్థానము అట్టిది.

1970 డిసెంబరులో బ్యాంకాక్ ఆసియా క్రీడలకు వెళ్లిన భారత జట్టునకు నయీముద్దీన్ నాయకుడు. సెమీఫైనల్‌లో బర్మా చేత ఓడినను మనవారు క్రుంగిపోక, మూడవ స్థానమునకై జరిగిన పోటీలో జపానును ఒక్క గోలుతో జయించి కాంస్యపతకమును గొనితెచ్చిరి.

ఆట విరమించిన పిమ్మట ఆయన చేపట్టిన శిక్షకవృత్తియే, నా అభిప్రాయమున, ఆయన జీవితములో ఉన్నతతర భాగము. తాను ఆడిన మూడు కలకత్తా క్లబ్బులకును శిక్షకుడయ్యెను. 1990లో ఆయన పర్యవేక్షణమున ఈస్ట్ బెంగాల్ ఐ.ఎఫ్.ఏ. షీల్డును, డ్యూరాండ్, రోవర్స్ కప్పులను ఒక్క ఏడాదిలోనే గెలుచుకొనెను. బొంబాయిలో మహీంద్రా యునైటెడ్‌కును, సరిహద్దు దాటి ఢాకాలో బ్రదర్స్ యూనియన్‌కును, తుదకు బంగ్లాదేశ్ జాతీయ జట్టునకును శిక్షణమిచ్చెను. భారత జట్టు 1997లో ఖాట్మండూలో మాల్దీవులను 5-1తో ఓడించి దక్షిణాసియా కప్పు గెలిచినప్పుడును, 2005లో కరాచీలో బంగ్లాదేశ్‌ను 2-0తో ఓడించి మరల గెలిచినప్పుడును శిక్షకస్థానమున నిలిచినవాడు ఆయనయే. దేహదారుఢ్యము విషయమునను, క్రమశిక్షణ విషయమునను కఠినుడని ఆయనకు పేరు. పేరుప్రఖ్యాతులుగల ఆటగాండ్రకు ఇట్టి కాఠిన్యము రుచింపకపోవచ్చును; కాని ఒకనాటి విజయముకొరకు శిక్షణను సడలించు గురువుకంటె, అప్రియుడైనను నియమము తప్పని గురువే శిష్యునకు మేలు చేయును.

పసుపు పండించు మా ఆర్మూరు, మెండోర ప్రాంతపు రైతులకు ఈ మాట వేరుగ చెప్పనక్కరలేదు. తొలకరిలో నాటిన కొమ్ము తొమ్మిది నెలలు నేలలోనుండి, త్రవ్వబడి, ఉడికి, ఎండి, మెరుగుపెట్టబడిన పిమ్మట గాని నిజామాబాదు యార్డునకు చేరదు. ఆటగాని తయారీయు అట్టిదే. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన దేశమునకు పతకము లభించుట 1970లోని ఆ బ్యాంకాక్ కాంస్యముతోనే ఆగిపోయినది. కావున ఆర్మూరు, మెండోర పరిసరముల పాఠశాలల వ్యాయామోపాధ్యాయులకు నా విన్నపము: పసుపు త్రవ్వకములు ముగిసి చేలు ఖాళీయగు దినములలో, రహీం నడపిన ఎడమకాలి పోటీ నొకదానిని మీ పిల్లలకు పెట్టి చూడుడు; దానికి కావలసినది ఒక బంతియు, చదునైన నేలయు, ప్రతి సాయంకాలము తప్పక వచ్చు ఒక ఉపాధ్యాయుడును మాత్రమే.