గజసేనాని జాయప

కత్తి పట్టిన చేయి గంటము పట్టుట మన దేశమున క్రొత్త గాదు. కాని జీవితమంతయు సైన్యమున గడపుచు ఆటపాటలకు శాస్త్రము రచించినవారు మిక్కిలి యరుదు. అట్టివాడు ఓరుగల్లు నేలిన కాకతి గణపతిదేవుని గజసేనాధిపతి జాయప.

జాయప పుట్టినది కృష్ణానది కడలి గలియు దివిసీమ. అచ్చట అయ్యవంశపు నాయకులు పాలించుచుండిరి. 1199లో సింహాసన మెక్కిన గణపతిదేవుడు కొలది కాలమునకే ఆ సీమను జయించెను. జయించియు ఆ వంశమును నిర్మూలింపలేదు. నారమ, పేరమ యను ఆ యింటి ఆడుబిడ్డలను వివాహమాడి, వారి సోదరుడగు జాయపను తన కొలువున జేర్చుకొనెను. గుండామాత్యునియొద్ద నాట్యవిద్య చెప్పించెను. తుదకు ఏనుగుల సేననే యప్పగించెను. ఓడినవారి బిడ్డయందు రాజు ఎంత నమ్మక ముంచెనో యోచింపుడు. 1213వ సంవత్సరపు చేబ్రోలు శాసనము జాయప చరిత్రకు ముఖ్యాధారము.

ఆ శాసనము వెలసిన నలువది యేండ్లకు, 1253-54లో, జాయప ‘నృత్తరత్నావళి’ యను సంస్కృత గ్రంథమును ముగించెను. అందు ఎనిమిది అధ్యాయములు గలవు. మొదటి నాలుగును భరతముని చెప్పిన మార్గపద్ధతిని వివరించును. తక్కిన నాలుగును దేశి నృత్తములకు, అనగా ఆయా సీమల జనులు తమ వేడుకకొలది ఆడుకొను వానికి, కేటాయింపబడినవి. పేరణి, చిందు, చేత కోలలు బట్టి ఆడు దండరాసకము మున్నగునవి అందు శాస్త్రగౌరవము నందినవి. మునివాక్కునకు సగము, ప్రజల యాటకు సగము: ఇదియే ఆ సేనాని చూపిన సమదృష్టి.

గీతమునకు ‘గీతరత్నావళి’, వాద్యమునకు ‘వాద్యరత్నావళి’ యను గ్రంథములను గూడ ఆయన రచించినట్లు పండితులు చెప్పుదురు. అవి నేడు లభింపవు. 1323లో ఢిల్లీ సేనలచే ఓరుగల్లు కూలినది. ఏనుగుల సేనయు నశించినది. నృత్తరత్నావళి మాత్రము వ్రాతప్రతులలో నిలిచి, 1965లో రాఘవన్ పండితుని పరిష్కరణమున మద్రాసులో అచ్చుపడినది. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు దానిని తెనిగించిరి.

మన యడవులకు వాయవ్యదిశను, పాలంపేటలో, గణపతిదేవుని మరియొక సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్పగుడి యున్నది. 2021లో దానికి ప్రపంచ వారసత్వ గౌరవము లభించెను. ఆ గుడి శిల్పములను, జాయప గ్రంథమును ఆధారముగా గొని నటరాజ రామకృష్ణగారు మరుగుపడిన పేరిణిని 20వ శతాబ్దియందు మరల రంగమెక్కించిరి. ఆట మరచిపోయినను, వ్రాత యుండుటచే తిరిగి లేచినది. వ్రాత నశించిన గీతవాద్యముల మాట నేడు చెప్పువారు లేరు.

పెద్దలారా, కోలాటపు పాటలను, చిందుల నడకలను నోట నిలుపుకొన్న ముదుసళ్లు మన పల్లెలలో నింకను గలరు. వారికి వ్రాత రాకపోవచ్చును, మీకు వచ్చును. గజసేనాని కోలలాటను చిన్నచూపు చూడలేదు. మనమును చూడరాదు. వారుండగనే ఆ పాటలు కాగితమున కెక్కునుగాక.