మడత చాకు: తయారీదారు, వయసు గుర్తింపు

మడత చాకు అంటే అలుగు పిడిలోకి ముడుచుకునే చిన్న కత్తి. అనంతపురం జిల్లా కంబదూరు వంటి మెట్ట ఊళ్లలో ఇది గొర్రెల కాపరికీ, రైతుకీ, కరణానికీ పనికొచ్చిన వస్తువు. అరికాల్లో విరిగిన తుమ్మముల్లు తీయాలన్నా, వేపపుల్ల చెక్కాలన్నా చాకే దిక్కు. పాత పెట్టెల్లో దొరికే చాకు ఎవరు చేసిందో, ఎప్పటిదో తేల్చాలంటే ముద్రనూ, లోహాన్నీ, పిడినీ కలిపి చూడాలి. ఏ ఒక్కదాన్నో పట్టుకుని తీర్పు చెప్పకూడదు.

ముద్ర

పదును మొదలవకముందు, పిడికి ఆనుకుని ఉన్న అలుగు మొదట్లో తయారీదారు పేరు కొట్టి ఉంటుంది. చాకు తెరిచి, పొద్దుటి ఎండ ఏటవాలుగా పడేలా పట్టుకుంటే అరిగిపోయిన అక్షరాలు కూడా సన్నని నీడలుగా తేలతాయి.

బ్రిటిష్ పాలనలో మన దేశానికి వచ్చిన చాకుల్లో ఇంగ్లండులోని షెఫీల్డ్ సరుకుకు పేరెక్కువ. అక్కడి జోసెఫ్ రాడ్జర్స్ వారి గుర్తు నక్షత్రం, మాల్టా శిలువ. అది 1764లో వారికి దక్కింది. 1822లో రాజాస్థాన గుర్తింపు వచ్చాక కిరీటంతో పాటు రాజు పొడి అక్షరాలు కూడా వేసేవారు. ‘వి.ఆర్.’ ఉంటే విక్టోరియా కాలం, అంటే 1901 లోపు. ‘జి.ఆర్.’ దగ్గరే చిక్కంతా. అది నాలుగో జార్జిది (1820–30) కావచ్చు, ఐదో జార్జిది (1910–36) కావచ్చు, ఆరో జార్జిది (1936–52) కూడా కావచ్చు. పక్కనే ‘ఇంగ్లండ్’ అని ఉంటే నాలుగో జార్జిని దాదాపు పక్కన పెట్టేయవచ్చు. దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలని అమెరికా 1890లో చట్టం చేశాకే ఆ అలవాటు బాగా పాకింది. రాడ్జర్స్ పేరుకు నకళ్లూ ఎక్కువే. పేరుండి నక్షత్రం, శిలువ లేకపోతే అనుమానించాలి.

లోహం, పిడి

తుప్పు పట్టని ఉక్కును హ్యారీ బ్రియర్లీ షెఫీల్డ్‌లో 1913లో తయారుచేశాడు. అలుగు మీద ‘స్టెయిన్‌లెస్’ అని ఉంటే, అమ్మినవారు ఏం చెప్పినా, ఆ చాకు అంతకు ముందుది కాదు. పాత కర్బనపు ఉక్కు అయితే మామిడికాయ కోసినా నల్లబడుతుంది. తుప్పును బట్టి మాత్రం వయసు లెక్కకట్టవద్దు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ మాత్రమే వాన పడే అనంతపురం సీమలో ఇనుము కోస్తాలో అంత త్వరగా పాడవదు. వందేళ్ల చాకు నిన్నటిదానిలా ఉండవచ్చు.

పిడి ఎముకదైతే భూతద్దంలో సన్నని నల్లటి రంధ్రాలు కనిపిస్తాయి. సెల్యులాయిడ్ అయితే బొటనవేలితో వేడెక్కేదాకా రుద్ది వాసన చూస్తే కర్పూరం గుప్పుమనవచ్చు. అలాంటి పిడి 1870కి ముందుది కాదు. కాల్చిన సూదితో పరీక్షించమని కొందరు సలహా ఇస్తారు. అది ప్రమాదం, సెల్యులాయిడ్ భగ్గున అంటుకుంటుంది.

మన ఉక్కు, మన కమ్మరి

విదేశీ ముద్ర ఉన్నదే గొప్పదనుకోవడం పొరపాటు. 1794లో బొంబాయి నుంచి హెలెనస్ స్కాట్ అనే వైద్యుడు మన దేశపు ఉక్కు ముద్దలను లండన్ పంపితే, అక్కడి చాకుల తయారీదారు జేమ్స్ స్టోడార్ట్ దానితో ఈక కలాలు చెక్కే చాకు చేసి మెచ్చుకున్నాడు. ఆ ఉక్కుకు ఇంగ్లీషువారు పెట్టిన ‘వుట్జ్’ అనే పేరు కన్నడ, తెలుగు సీమల ‘ఉక్కు’ నుంచే వచ్చిందని ఎక్కువమంది ఒప్పుకుంటారు. తెలంగాణలోని కోనసముద్రం ఆ ఉక్కుకు పేరుమోసిన చోటు.

దక్షిణాదిలో గంటాన్నీ, తాటాకు కోసే చాకునూ ఒకే పిడిలో మడిచే పనిముట్లు ఉండేవి. వాటిమీద సాధారణంగా పేరుండదు. సమ్మెట దెబ్బల గుంతలు, ఒకదానితో ఒకటి సరిపోలని మేకులు, చేత్తో ఆకురాయి పట్టిన గీతలే కమ్మరి సంతకం. కాగితం తాటాకును పక్కకు నెట్టాక వీటి అవసరం తీరింది కాబట్టి, ఇలాంటివి ఎక్కువగా 19వ శతాబ్దానివో అంతకు ముందువో అయి ఉంటాయి.

నూరేళ్లు దాటిన ఇలాంటి వస్తువు 1972 నాటి పురావస్తువుల చట్టం కింద పురావస్తువు కావచ్చు. దాన్ని సొంతంగా విదేశాలకు పంపకూడదు.

ఇంట్లో ఇలాంటి చాకు దొరికితే ఇటుకపొడితో, చింతపండుతో తోమకండి. తోమితే మొదట పోయేది ముద్రే. మెత్తని గుడ్డకు కాస్త నూనె అద్ది తుడిచి, అది ఎవరి చేతి నుంచి వచ్చిందో, ఏ సంతలో కొన్నారో పెద్దలను అడిగి చీటీ రాసి, చాకుతో పాటే దాచండి.