గన్ ఉంటే సేఫేనా? పాతబస్తీలో ఆత్మరక్షణకి తుపాకీ లైసెన్స్ ఎవరికిస్తారు, రూల్స్ ఏంటి?

పాతబస్తీలో పట్టపగలు కత్తులతో దాడి జరిగిన ప్రతిసారీ ఒకే ప్రశ్న మళ్లీ తెరపైకి వస్తుంది. నడిరోడ్డు మీద వెంటాడి పొడుస్తుంటే పోలీసులు వచ్చేలోపు ఆ మనిషి ఏం చేయాలి? ప్రాణభయం ఉన్నవాళ్లకి గన్ ఇవ్వొచ్చు కదా? అడగడం ఈజీనే. కానీ మన దేశంలో తుపాకీ అనేది హక్కు కాదు, పర్మిషన్. ఆ పర్మిషన్ ఎలా వస్తుంది, వచ్చాక ఏం చేయొచ్చు, ఏం చేస్తే జైలుకెళ్తారు.. వివరంగా చూద్దాం.

బార్కస్‌లో ఆ రోజు ఏం జరిగింది?

2011 ఏప్రిల్ 30. చాంద్రాయణగుట్ట ఎమ్మెల్యే అక్బరుద్దీన్ ఒవైసీపై బార్కస్ దగ్గర దాడి జరిగింది. దుండగులు కత్తులతో పొడిచారు, తుపాకీతో కాల్చారు. పక్కనే ఉన్న గన్‌మన్ ఎదురుకాల్పులు జరపడంతో దాడి చేసినవాళ్లలో ఒకరు చనిపోయారు. బుల్లెట్ గాయాలు, కత్తిపోట్లతో అక్బరుద్దీన్ ఆస్పత్రి పాలయ్యారు. ఆయనతో ఉన్న మలక్‌పేట ఎమ్మెల్యే అహ్మద్ బలాలాకి కూడా గాయాలయ్యాయి. 2017 జూన్‌లో నాంపల్లి కోర్టు ఈ కేసులో నలుగురికి పదేళ్ల జైలు శిక్ష వేసింది, మిగతావాళ్లని నిర్దోషులుగా వదిలేసింది.

గన్ ఉండాలి అనేవాళ్లు ఈ కేసునే చూపిస్తారు. గన్‌మన్ లేకపోతే ఆయన బతికేవారు కాదంటారు. వద్దు అనేవాళ్లు కూడా ఇదే కేసు చూపిస్తారు. ట్రైనింగ్ ఉన్న గన్‌మన్ పక్కనే ఉన్నా కత్తి ఆగలేదు కదా అంటారు. నిజం చెప్పాలంటే రెండూ కరెక్టే. చుట్టుముట్టి చేసే దాడిలో మొదటి దెబ్బని గన్ ఆపలేదు. రెండో దెబ్బని ఆపొచ్చు, అది కూడా గన్ చేతికందితే, వాడేవాడికి చేయి వణక్కపోతే.

ఇక్కడ ఎవరూ పెద్దగా మాట్లాడని విషయం ఇంకోటి ఉంది. లీడర్లకి 2+2, 4+4 అని సర్కారు ఖర్చుతో గన్‌మన్లు ఉంటారు. పత్తర్‌గట్టిలో నగల షాపు నడిపే ఆయనకో, భూమి కేసులో సాక్షిగా ఉన్న మనిషికో ఆ సౌకర్యం ఉండదు. వాళ్ల ముందున్న దారి రెండే: పోలీస్ ప్రొటెక్షన్ కోసం అర్జీ, లేదా గన్ లైసెన్స్ కోసం అర్జీ.

రాజ్యాంగం ఏం చెప్తోంది?

అమెరికాలో 1791లో వచ్చిన రెండో సవరణ ప్రకారం ఆయుధం కలిగి ఉండటం పౌరుడి హక్కు. బయటికి తీసుకెళ్లే హక్కు కూడా ఉందని 2022లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. మన రాజ్యాంగంలో అలాంటిది లేదు. పైగా ఆర్టికల్ 19(1)(బి) మనకిచ్చిన సభ హక్కులోనే 'ఆయుధాలు లేకుండా' అనే షరతు ఉంది. 2023 ఫిబ్రవరిలో లైసెన్స్ లేని తుపాకుల కేసు ఒకటి విన్నప్పుడు మన సుప్రీంకోర్టు కూడా ఈ తేడానే గుర్తు చేసింది.

అమెరికా మాటొచ్చింది కాబట్టి.. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రం ఒలేతేలో హైదరాబాద్ ఇంజినీర్‌ని బార్‌లో కాల్చి చంపిన ఘటన తెలుగువాళ్లెవరూ మర్చిపోలేదు. అడ్డుపడ్డ అమెరికన్‌కి కూడా బుల్లెట్ దిగింది. అందరికీ గన్ దొరికే చోట చిన్న ద్వేషం కూడా ఎంత తొందరగా శవంగా మారుతుందో ఆ కుటుంబాన్ని అడిగితే తెలుస్తుంది.

లైసెన్స్ ఎలా ఇస్తారు?

మన దగ్గర ఆయుధాల చట్టం 1959, ఆయుధాల నిబంధనలు 2016 అమల్లో ఉన్నాయి. జిల్లాల్లో లైసెన్స్ ఇచ్చేది కలెక్టర్, హైదరాబాద్ సిటీలో పోలీస్ కమిషనర్. అప్లై చేసేవాళ్లకి 21 ఏళ్లు నిండాలి. ఫారం ఏ-1 నింపి, గుర్తింపు పత్రాలు, ఆయుధాన్ని సురక్షితంగా వాడటంపై ట్రైనింగ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. తర్వాత ఫైల్ మీ లోకల్ స్టేషన్‌కి వెళ్తుంది. మీపై కేసులున్నాయా, బెదిరింపు నిజమేనా, చుట్టుపక్కలవాళ్లు ఏమంటున్నారు, ఇంట్లో గన్ భద్రంగా పెట్టే చోటుందా అని ఎంక్వైరీ చేస్తారు. రూల్స్ ప్రకారం పోలీస్ రిపోర్ట్ 30 రోజుల్లో వెళ్లాలి.

అసలు ఫైల్ తేలేదీ, మునిగేదీ 'అవసరం' దగ్గరే. వ్యాపారం, వృత్తి లేదా మరో కారణంతో ప్రాణానికో ఆస్తికో నిజంగా రక్షణ కావాలని చూపించాలి. 'భయంగా ఉంది సార్' అంటే సరిపోదు. బెదిరింపు కాల్‌పై ఇచ్చిన కంప్లయింట్, ఎఫ్‌ఐఆర్ కాపీ, క్యాష్ తీసుకెళ్లే వ్యాపారమైతే దాని లెక్కలు.. ఇలాంటివి చూపించాలి. అందుకే బెదిరింపు వచ్చినప్పుడు నోటిమాటగా చెప్పి వచ్చేయకుండా రాతపూర్వకంగా కంప్లయింట్ ఇచ్చి రసీదు తీసుకోవడం ముఖ్యం. రేపు లైసెన్స్ అడిగినా, ప్రొటెక్షన్ అడిగినా ఆ కాగితమే మాట్లాడుతుంది.

ఆస్తిపాస్తులు లేవన్న ఒక్క కారణంతో లైసెన్స్ తిరస్కరించకూడదని చట్టంలోని సెక్షన్ 14 స్పష్టంగా చెప్తోంది. అంటే కాగితం మీద గన్ లైసెన్స్ డబ్బున్నోళ్ల వస్తువు కాదు. కానీ తుపాకీ రేటు, ట్రైనింగ్, ఆఫీసుల చుట్టూ తిరుగుడు కలిపి చూస్తే సామాన్యుడు ఎంతవరకు నిలబడతాడో ఊహించొచ్చు. రిజెక్ట్ చేస్తే సెక్షన్ 18 కింద అప్పీల్ చేసుకోవచ్చు.

సామాన్యులకి ఇచ్చేది .32 రివాల్వర్, పిస్టల్, 12 బోర్ లాంటివి. 9 ఎంఎం పిస్టల్ నిషేధిత కేటగిరీ, సినిమాలో హీరో తిప్పినంత ఈజీగా దొరకదు. 2019 సవరణ తర్వాత ఒకరి దగ్గర గరిష్ఠంగా రెండు తుపాకులే ఉండాలి, అంతకుముందు మూడు. లైసెన్స్ గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకి పెంచారు. అదే సవరణలో లైసెన్స్ లేకుండా మామూలు తుపాకీ పెట్టుకుంటే రెండు నుంచి ఐదేళ్ల జైలు అన్నారు. నిషేధిత ఆయుధమైతే ఏడు నుంచి పద్నాలుగేళ్లు.

బారాత్‌లో గాల్లోకి కాలుస్తారా? అయిపోయారు

పెళ్లిళ్లలో మర్ఫా మోగుతుంటే కత్తులు తిప్పడం, ఎవరో ఒకరు గాల్లోకి కాల్చడం, వీడియో స్టేటస్‌లో పెట్టడం.. ఇప్పుడు ఇది డైరెక్ట్‌గా నేరం. వేడుకల్లో నిర్లక్ష్యంగా కాల్పులు జరిపితే రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు ఫైన్, లేదా రెండూ. లైసెన్స్ ఉన్న గన్ అయినా సరే. బయట తీసుకెళ్లేటప్పుడు గన్ హోల్‌స్టర్‌లోనో కవర్‌లోనో ఉండాలి, జనంలో బయటికి తీసి చూపించకూడదు. పండగలు, ఊరేగింపుల టైమ్‌లో సిటీ పోలీస్ కమిషనర్ ఆయుధాలతో తిరగొద్దని ఆర్డర్లు ఇస్తుంటారు కదా, అవి 1348 ఫస్లీ నాటి హైదరాబాద్ సిటీ పోలీస్ చట్టం కింద ఇచ్చేవి. నిజాం కాలం చట్టం, ఇప్పటికీ పనిచేస్తోంది.

ఎన్నికల కోడ్ వస్తే ఇంకో తిప్పలు. 2023 అసెంబ్లీ, 2024 లోక్‌సభ ఎన్నికలప్పుడు చూశాం, లైసెన్స్ గన్లు స్టేషన్‌లో డిపాజిట్ చేయమంటారు. ప్రాణభయం ఉందని తీసుకున్న గన్, గొడవలు ఎక్కువయ్యే ఆ టైమ్‌లోనే ఇంట్లో ఉండదు. మినహాయింపు కావాలంటే స్క్రీనింగ్ కమిటీ ఒప్పుకోవాలి.

కాల్చాక చట్టం ఎంతవరకు కాపాడుతుంది?

ఆత్మరక్షణ హక్కు మాత్రం అందరికీ ఉంది, గన్ ఉన్నా లేకపోయినా. పాత ఐపీసీలో 96 నుంచి 106 సెక్షన్లు. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 సెక్షన్లు. చంపేస్తారు, తీవ్రంగా గాయపరుస్తారు, అత్యాచారం చేస్తారు, ఎత్తుకెళ్తారు అనే భయం సహేతుకంగా ఉంటే ఎదుటివాడి ప్రాణం పోయినా నేరం కాదు. కానీ అవసరానికి మించి హాని చేయకూడదు, పోలీసుల దగ్గరికి వెళ్లే టైమ్ ఉంటే ఈ హక్కు వర్తించదు. వాడు పారిపోతుంటే వెనక నుంచి కాల్చి 'ఆత్మరక్షణ' అంటే కోర్టులో నిలబడటం చాలా కష్టం.

సెక్షన్ 44 పాతబస్తీ గల్లీల కోసమే రాశారా అనిపిస్తుంది. ఒక గుంపు మిమ్మల్ని చంపడానికి వచ్చింది, ఆ గుంపులో చిన్నపిల్లలు కలిసిపోయి ఉన్నారు, కాల్చకపోతే మీరు చస్తారు. అప్పుడు కాలిస్తే పిల్లలకి తగిలినా నేరం కాదని చట్టంలోనే ఉదాహరణ ఇచ్చారు. చట్టం వదిలేస్తుంది, నిజమే. పది అడుగుల గల్లీ, రెండు వైపులా ఇళ్లు, అరుగుల మీద ఆడవాళ్లు, సైకిల్ తొక్కే పిల్లలు.. ఆ బుల్లెట్ తగిలిన ఇంటివాళ్లు మాత్రం వదలరు. గన్ కావాలి అని అడిగేముందు ఈ ఒక్క సీన్ ఆలోచించుకోవాలి అనేది మా మాట.

ఆత్మరక్షణకి ఇచ్చిన గన్ కోపానికి వాడితే ఏమవుతుందో ఆదిలాబాద్ చూపించింది. 2020 డిసెంబర్ 18న తాటిగూడలో పిల్లల క్రికెట్ దగ్గర మొదలైన గొడవలో మున్సిపల్ మాజీ వైస్ చైర్మన్ ఒకరు తన లైసెన్స్ రివాల్వర్‌తో కాల్పులు జరిపారు. ఒక చేతిలో గన్, ఇంకో చేతిలో కత్తి. ఆ వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. ముగ్గురు గాయపడ్డారు, అందులో ఒకరు హైదరాబాద్ నిమ్స్‌లో చికిత్స పొందుతూ చనిపోయారు. 2022 జనవరిలో కోర్టు నిందితుడికి యావజ్జీవ శిక్ష వేసింది. లైసెన్స్ ఇచ్చేటప్పుడు కాగితాలన్నీ సరిగ్గానే ఉండి ఉంటాయి. మనిషి కోపాన్ని కొలిచే కాలమ్ ఆ ఫారంలో లేదు.

మరి దొంగల చేతిలో గన్లున్నాయి కదా అంటారా? ఉన్నాయి. 2025 జనవరి 16న బీదర్‌లో ఏటీఎం క్యాష్ దోచుకున్న ముఠా అదే రోజు అఫ్జల్‌గంజ్‌లో ట్రావెల్స్ ఆఫీసు దగ్గర కాల్పులు జరిపింది. ఇవన్నీ లైసెన్స్ లేని తుపాకులతో జరిగే నేరాలు. వీటికి మందు అక్రమ ఆయుధాల రూట్ కట్ చేయడం. దుకాణదారు చేతికి రివాల్వర్ ఇస్తే, ముందే గన్ తీసి నిలబడ్డ వాడి ఎదుట అది డ్రాయర్‌లోనే ఉంటుంది. పోలీసులకే ఇది తేలిక కాదు. 2025 అక్టోబర్‌లో చాదర్‌ఘాట్ దగ్గర సెల్‌ఫోన్ దొంగలని వెంటాడినప్పుడు కత్తితో ఎదురుతిరిగితే సౌత్ ఈస్ట్ డీసీపీ స్వయంగా కాల్పులు జరపాల్సి వచ్చింది.

మరి నిజంగా బెదిరింపు ఉన్న సామాన్యుడి సంగతేంటి? లైసెన్స్ ఇచ్చినా ఇవ్వకపోయినా ఆ ఫైల్‌పై టైమ్‌కి జవాబు రావాలి, ఇవ్వకపోతే కారణం రాయాలి, ఆలోపు పెట్రోలింగ్ అయినా పెంచాలి. నెలల తరబడి 'ప్రాసెస్‌లో ఉంది' అంటే ఆ మనిషి దొడ్డిదారిలో నాటు తుపాకీ వెతుక్కునే ప్రమాదం ఉంది.

ఇంట్లో తాతల నాటి తుపాకీ ఉందా?

పాతబస్తీలో చాలా కుటుంబాలకి వచ్చే డౌట్ ఇది. లైసెన్స్ మనిషి పేరు మీద ఉంటుంది, ఇంటి పేరు మీద కాదు. లైసెన్స్ ఉన్నవాళ్లు చనిపోతే ఆ తుపాకీ ఇంట్లో ఉంచుకోవడం చట్టవిరుద్ధం అవుతుంది. ఆలస్యం చేయకుండా దగ్గర్లోని స్టేషన్‌లో గానీ, లైసెన్స్ ఉన్న ఆయుధ డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేసి రసీదు తీసుకోవాలి. వారసులు తమ పేరు మీద లైసెన్స్‌కి అప్లై చేసుకోవచ్చు, వస్తే విడిపించుకోవచ్చు, లేదంటే లైసెన్స్ ఉన్నవాళ్లకి అమ్మేయొచ్చు.