బూటు అంకె కథ

సైకిలు పందెములకు సాధన చేసే యువకు డొకడు రెండు కంపెనీల బూట్లు తొడిగి చూస్తున్నా డనుకొందాము. రెండింటి మీద 42 అనే అంకె ఉన్నది. మొదటిది తొడగగానే చిటికెనవ్రేలు నలిగిపోతున్నది. రెండవ దానిలో పాదము కదులుతూ మడమ పైకి లేస్తున్నది. పాదము ఒక్కటే, అంకె ఒక్కటే. అయినా ఒకటి ఇరుకు, ఒకటి వదులు. కిలోగ్రాము ఏ దుకాణములోనైనా కిలోగ్రామే. మీటరు ఏ దేశములోనైనా మీటరే. బూటు మీది అంకె మాత్రము కంపెనీకి ఒక విధముగా ఎందుకు ఉంటున్నది? ఇది తెలియవలెనంటే ఆ అంకె పుట్టిన విధమును తెలిసికొనవలెను.

గింజతో మొదలైన కొలత

పూర్వము మనుష్యులు తమ శరీరమునే కొలబద్దగా వాడుకొన్నారు. జాన, మూర, బార, అడుగు మొదలగునవి అట్లు వచ్చినవే. అంతకంటె చిన్న కొలతలకు ధాన్యపు గింజలను ఆశ్రయించారు. ఎనిమిది యవగింజల నడిమి వెడల్పు ఒక అంగుళమని కౌటిల్యుని అర్థశాస్త్రము చెప్పుచున్నది. యవలనే నేడు బార్లీ అంటున్నాము. ఇంగ్లండులో కూడ బార్లీ గింజనే ఆధారముగా తీసికొన్నారు. కాని అక్కడ గింజలను అడ్డముగా గాక నిలువుగా పేర్చి, మూడు గింజల పొడవును ఒక అంగుళమన్నారు. ఈ రెండు అంగుళాలు పొడవులో సమానమైనవి కావు. పద్ధతి మాత్రము ఒక్కటే.

బూట్ల పొడవును అంకెలతో చెప్పే ఆచారము ఇంగ్లండులోని చర్మకారులలో పదిహేడవ శతాబ్దము నాటికే ఉన్నది. 1688లో రాండల్ హోమ్ ప్రకటించిన గ్రంథములో దాని ప్రస్తావన కనిపిస్తుంది. తరువాత అక్కడ స్థిరపడిన పద్ధతిలో ఒక అంకెకు, పై అంకెకు మధ్య భేదము ఒక బార్లీ గింజ, అనగా అంగుళములో మూడవ వంతు. ఇది 8.47 మిల్లీమీటర్లు. నాలుగు అంగుళాల దగ్గర సున్న పెట్టి, పిల్లల అంకెలను 13 వరకు లెక్కించి, అక్కడినుండి పెద్దల అంకెలను మరల 1తో మొదలుపెట్టారు. ఈ లెక్కలో పెద్దల 8వ అంకె 11 అంగుళాల పొడవుకు గుర్తు. మన దేశములో చిరకాలముగా వాడుకలో ఉన్న అంకెలు ఈ ఇంగ్లీషు అంకెలే.

ఫ్రాన్సులో మరొక పద్ధతి వాడుకలోకి వచ్చినది. అక్కడ ఒక్కొక్క మెట్టు సెంటీమీటరులో మూడింట రెండు వంతులు, అనగా 6.67 మిల్లీమీటర్లు. దీనికి పారిస్ పాయింటు అని పేరు. 28 సెంటీమీటర్లను ఒకటిన్నరతో హెచ్చవేస్తే 42 వస్తుంది. సైకిలు బూట్ల మీద సాధారణముగా కనిపించే అంకె ఇదే.

రెండు మెట్ల ఎత్తు వేరు కనుక ఒక పద్ధతి అంకెను మరొక పద్ధతిలోకి మార్చేటప్పుడు చిక్కు వస్తుంది. 42, ఇంగ్లీషు 8 దాదాపు సమానము. ఆ రెండింటికీ మూడేసి కలిపితే 45, 11 వస్తాయి. కాని 45 అంటే 300 మిల్లీమీటర్లు. 11 అంటే సుమారు 305. మార్పిడి పట్టికలు వేసేవారు ఇట్టి చోట్ల ఏదో ఒక దగ్గరి అంకెను ఎంచుకొంటారు. అందరూ ఒకే అంకెను ఎంచుకొనరు.

అంకె కొలిచే దేమిటి?

ఇంతకంటె పెద్ద చిక్కు మరొకటి ఉన్నది. పై లెక్కలలో చెప్పిన పొడవు పాదానిది కాదు. బూటు కుట్టేవారు ముందుగా పాదాకారములో ఒక కొయ్య అచ్చును చెక్కి, దాని చుట్టూ తోలును బిగించి కుట్టేవారు. అంకె ఆ అచ్చు పొడవుకు గుర్తు. వ్రేళ్ల ముందు కొంత చోటు మిగలవలెను గనుక అచ్చు పాదముకంటె పొడవుగా ఉంటుంది. ఎంత పొడవుగా ఉండవలెనో నిర్ణయించేది తయారు చేసేవాడు.

పాదము 265 మిల్లీమీటర్లు ఉన్న దనుకొందాము. ఒక కంపెనీ 10 మిల్లీమీటర్ల చోటు విడిచితే అచ్చు 275 మిల్లీమీటర్లు. దాని అంకె 41.25. రెండవ కంపెనీ 15 విడిచితే అంకె 42. మూడవ కంపెనీ 20 విడిచితే 42.75. ముగ్గురి లెక్కలలోను తప్పు లేదు. అయినా ఒకే పాదానికి 41 నుండి 43 వరకు అంకెలు వచ్చినవి. ఇది పొడవు సంగతి మాత్రమే. అచ్చు వెడల్పు, మీగాలి దగ్గర దాని ఎత్తు, మడమ దగ్గర దాని సన్నము ఆ ఒక్క అంకెలో ఎక్కడను కనిపించవు.

చర్మకారుడు ఊరిలోనే ఉండి, తొడిగేవాని పాదమును స్వయముగా చూచి కుట్టినంత కాలము ఈ లోపము అంతగా బాధించలేదు. యంత్రాలు వచ్చిన తరువాత పరిస్థితి మారినది. 1819 ప్రాంతమున అమెరికాలో థామస్ బ్లాంచర్డ్ అనే యంత్రశిల్పి తుపాకి కొయ్యలను ఒక నమూనా ప్రకారము చెక్కే యంత్రమును నిర్మించాడు. అదే సూత్రముతో బూటు అచ్చులను కూడ వందల కొలది చెక్కుట సాధ్యమైనది. పశ్చిమ దేశాలలో రెండు శతాబ్దాలపాటు కుడి ఎడమల భేదము లేకుండా ఒకే ఆకారములో బూట్లు కుట్టేవారు. పందొమ్మిదవ శతాబ్దములో కుడి పాదానికి, ఎడమ పాదానికి వేరు వేరు అచ్చులు మరల వాడుకలోకి వచ్చినవి.

అచ్చు మీద తోలును ముడుతలు లేకుండా లాగి బిగించే పని మాత్రము చాలకాలము చేతిపనిగానే నిలిచినది. నేర్పరియైన పనివాడు దినమునకు సుమారు 50 జతలు బిగించేవాడు. డచ్చి గయానాలో, అనగా నేటి సూరినామ్‌లో, 1852లో జన్మించిన యాన్ మాట్జెలిగర్ అనే నీగ్రోజాతి యువకుడు అమెరికాలోని లిన్ పట్టణము చేరి, బూట్ల కర్మాగారములో పనిచేస్తూ రాత్రులందు చదువుకొని ఈ సమస్యను సాధించాడు. 1883లో అతని యంత్రానికి పేటెంటు లభించినది. అది దినమునకు 700 జతల వరకు బిగించగలిగినది. మాట్జెలిగర్ 1889లో, 40 ఏండ్లు నిండకుండగనే క్షయవ్యాధితో మరణించాడు. అతని కృషివల్ల బూట్లు చౌకైనవి, సామాన్యులకు అందినవి. దానితోపాటు బూటు చేసేవానికి, తొడిగేవానికి మధ్య చూపు తెగిపోయినది. వారిరువురిని కలిపేది ఇక అంకె ఒక్కటే.

బ్రానక్ సాధనము

ఆ అంకె చాలదని గుర్తించినవారిలో చార్లెస్ బ్రానక్ ఒకడు. అమెరికాలోని సిరక్యూస్ నగరములో అతని తండ్రికి బూట్ల దుకాణములో భాగముండేది. విశ్వవిద్యాలయములో చదువుకొనే దినాలలో బ్రానక్ పాదమును సరిగా కొలిచే సాధనము కొరకు ఆలోచించి, పిల్లలు ఆడుకొనే ఇనుప ముక్కల బొమ్మసామానుతో మొదటి నమూనాను బిగించాడు. 1928లో దానికి పేటెంటు వచ్చినది. రెండవ ప్రపంచ యుద్ధకాలములో అమెరికా సైన్యము కూడ ఆ సాధనమును వాడినది.

బ్రానక్ సాధనము మూడు కొలతలు తీస్తుంది. మొదటిది మడమ నుండి పొడవైన వ్రేలి కొన వరకు పొడవు. రెండవది పాదము వెడల్పు. మూడవది మడమ నుండి బొటనవ్రేలి మొదటి కీలు వరకు ఉన్న దూరము. నడిచేటప్పుడు పాదము వంగేది ఆ కీలు దగ్గరనే. మొత్తము పొడవు సమానముగా ఉన్న ఇద్దరిలో ఒకరికి వ్రేళ్లు పొట్టిగా, మరొకరికి పొడవుగా ఉండవచ్చును. అప్పుడు కీలు స్థానము మారుతుంది. ఈ మూడవ కొలత సైకిలు తొక్కేవారికి ఎంత ముఖ్యమో తరువాతి కథ వల్ల తెలుస్తుంది.

పెడలుకు బిగిసిన పాదము

1860 దశాబ్దిలో ఫ్రాన్సులో సైకిలు ముందు చక్రానికి పెడళ్లు అమర్చిన నాటి నుండి పాదము జారకుండా చేయుట ఒక సమస్యగా ఉన్నది. పందెగాళ్లు పెడలు ముందు లోహపు చట్రమును అమర్చి, తోలు పట్టీతో పాదమును కట్టుకొనేవారు. బూటు అడుగున గాడి గల చిన్న దిమ్మను మేకులతో కొట్టేవారు. దీనిని క్లీటు అంటారు. కొత్త బూటును కొన్ని దినాలు తొక్కి, పెడలు ఒత్తిడికి తోలు మీద పడిన గుర్తును చూచి, ఆ గుర్తు ప్రకారము క్లీటును బిగించుట ఆనాటి ఆచారము. పాదమే తన స్థానమును చెప్పేదన్నమాట. కాని పడిపోయేటప్పుడు పట్టీని చేతితో వదులు చేసుకొనవలెను. అంత వ్యవధి ఎక్కడిది?

1970 ప్రాంతమున ఇటలీలో చీనో చినెల్లి పట్టీ లేని పెడలును తయారుచేశాడు. అయితే దానిని విడిపించుటకు కూడ చేయి కావలసినదే. 1984లో ఫ్రాన్సులోని లుక్ కంపెనీ ఈ చిక్కును తీర్చినది. మంచు మీద జారే స్కీలకు బూట్లను బిగించే సాధనాలు ఆ కంపెనీవారి పాత వృత్తి. ఆ అనుభవముతోనే మడమను ప్రక్కకు త్రిప్పగానే విడిపోయే పెడలును చేశారు. 1985లో బెర్నార్ ఇనో ఆ పెడళ్లతో టూర్ ద ఫ్రాన్స్ పందెమును అయిదవసారి గెలిచాడు. 1990లో జపానుకు చెందిన షిమానో కంపెనీ బూటు అడుగులో ఇమిడిపోయే చిన్న క్లీటును ప్రవేశపెట్టినది.

ఈ మార్పుతో బూటు కూడ మారినది. తొక్కే బలము వృథా కాకుండా అడుగును నైలానుతోను, తరువాత కార్బను పోగులతోను వంగకుండా చేశారు. పైభాగానికి కృత్రిమ పదార్థాలు వచ్చినవి. తోలు వలె ఇవి నాలుగు దినాలు వాడగానే సాగి పాదానికి ఒదిగిపోవు. నిమిషానికి 90 సార్లు తొక్కే మనిషి గంటకు 5,400 సార్లు పాదమును ఒకే స్థానములో నొక్కుతాడు. బూటు ఇరుకైతే వ్రేళ్లకు తిమ్మిరి, మంట కలుగుతాయి. వదులైతే మడమ లేచి, పట్టు కొరకు వ్రేళ్లు ముడుచుకొంటాయి. క్లీటు తప్పు చోట ఉంటే ఆ భారము మోకాలి మీద పడుతుంది.

వెడల్పు పాదము గలవారు సాధారణముగా చేసే పొరపాటు ఒకటున్నది. బూటు ఇరుకుగా ఉన్నదని ఒక అంకె పెద్దది కొంటారు. వెడల్పు కొద్దిగా దొరుకుతుంది; కాని పొడవు కూడ పెరుగుతుంది. మడమ వెనుకకు ఆని ఉన్నందున, బూటు అడుగున క్లీటుకై చేసిన రంధ్రాలు పాదపు కీలుకంటె ముందుకు పోతాయి. బ్రానక్ తీసిన మూడవ కొలత ఇక్కడ పనికివస్తుంది. ఇట్టివారికి కావలసినది పెద్ద అంకె కాదు. అదే అంకెలో వెడల్పైన అచ్చు. షిమానో వంటి కంపెనీలు కొన్ని నమూనాలను ఒకే పొడవులో రెండు వెడల్పులతో తయారుచేస్తున్నవి.

ఇది మన దేశానికి సంబంధించిన విషయము కూడ. చెన్నైలోని కేంద్రీయ చర్మ పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుండి 2022 మార్చి వరకు దేశములోని 79 చోట్ల లక్షకు పైగా ప్రజల పాదాలను కొలిపించినది. భారతీయుల పాదాలు సాధారణముగా పాశ్చాత్యుల పాదాలకంటె వెడల్పుగా ఉన్నట్లు తేలినది. వెడల్పు కొరకు పొడవైన బూట్లు తొడిగే అలవాటుకు కారణ మిదే. దీని ఆధారముగా ‘భ’ అనే పేరుతో భారతీయుల కొలతల పద్ధతిని ప్రతిపాదించారు.

కొలుచుకొనే పద్ధతి

అంతర్జాతీయ ప్రమాణ సంస్థ 1970 దశాబ్దిలో ప్రకటించిన మాండోపాయింటు పద్ధతి అచ్చును విడిచి పాదము పొడవును, వెడల్పును మిల్లీమీటర్లలో చెప్పుతుంది. స్కీ బూట్లకు, సైనికుల బూట్లకు ఇది వాడుకలో ఉన్నది. సైకిలు బూట్లు కొనేవారు కూడ తమ పాదానికి ఇట్టి కొలతనే సిద్ధము చేసికొనుట మేలు.

ఇది పాఠశాలలో విద్యార్థులచేత చేయించదగిన ప్రయోగము. పగలంతా నడిచిన పాదము కొంత ఉబ్బుతుంది గనుక సాయంకాలము కొలవవలెను. గోడకు మడమ ఆనించి, కాగితము మీద నిలబడి, పెన్సిలును నిలువుగా పట్టి పాదము చుట్టూ గీత గీయవలెను. కూర్చుండి కొలిస్తే బరువు పడక పాదము చిన్నదిగా కనిపిస్తుంది. పొడవు, వెడల్పు, మడమ నుండి బొటనవ్రేలి కీలు వరకు దూరము, ఈ మూడింటిని మిల్లీమీటర్లలో వ్రాసికొనవలెను. రెండు పాదాలను కొలవవలెను. చాలమందికి అవి సమానముగా ఉండవు. పెద్ద పాదానికి తగినదే కొనవలెను.

తరువాత కంపెనీ పట్టికను చూడవలెను. అందులోని మిల్లీమీటర్లు పాదానివా, బూటు లోపలి పొడవువా అని అడిగి తెలిసికొనవలెను. తొడిగినప్పుడు మడమ కదలరాదు. వ్రేళ్లు నిటారుగా ఉండి, కొన వద్ద నొక్కుడు లేకుండా కదలగలగవలెను. పాదపు కీళ్లకు ఇరుప్రక్కల ఒత్తిడి ఉండరాదు. తొక్కేటప్పుడు వేసికొనే మేజోళ్లతోనే పరీక్షించి, పది పదిహేను నిమిషాలు ఉంచుకొని చూడవలెను. కొత్త కంపెనీ బూటు కొన్న ప్రతిసారి ఈ పరీక్ష మొదటి నుండి జరుపవలసినదే. 42 అనే అంకె ఏ పెట్టెను ముందుగా తెరవవలెనో చెప్పుతుంది. ఆ పెట్టెలోని బూటు సరిపోయినదీ లేనిదీ కాగితము మీది గీత, దానిని తొడిగిన పాదము చెప్పవలెను.